మా బడి ఆటో నన్ను గుద్దిన రోజు

పరాయి బండేదో గుద్దితే అంత కోపం వచ్చేది కాదేమో. నన్ను గుద్దింది మా బడి ఆటో. అడవి లోపలి ఊరి నుంచి మా ప్రాథమిక పాఠశాలకి రోజూ పిల్లల్ని తెచ్చి దింపే ఆటో. ఆ డ్రైవరు బుద్ధిమంతుడని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నదాన్ని నేనే.

ఆ మధ్యాహ్నం మణుగూరులో టీచర్ల మీటింగుందని స్కూటీ మీద బయల్దేరాను. అతనుండే ఆ ఊరి మలుపు దగ్గర ఆటో ఎదురొచ్చింది. అదీ నా వైపు నుంచే! హారన్ కొట్టాను, అరిచాను, చివరికి పొదల్లోకి తిప్పాను. అయినా వదల్లేదు. స్కూటీ ఒకవైపు పడింది, నేనొకవైపు పడ్డాను. కుడికాలు కదిపితే ప్రాణం పోయినంత పనైంది. అతను తూలుతూ దిగొచ్చి రెండు చేతులూ జోడించాడు. గుప్పున ఇప్పసారా వాసన.

"నమస్తే టీచరమ్మా! గిక్కడ కూసున్నవేంది?"

"కూసున్ననా? నీ మొహం మండ! గుద్దింది నువ్వే!"

"నేనా?" అంటూ వెనక్కి తిరిగి, తప్పంతా దానిదే అన్నట్టు ఆటో వంక గుర్రుగా చూశాడు.

"ఇంత తాగి ఎటు పోతున్నవ్?"

"పెండ్లికాడి నుంచి బడికి. పిల్లల్ని తీస్కరావద్దా?"

అప్పటిదాకా నొప్పే. ఆ మాటతో భయం పట్టుకుంది. కాసేపట్లో బడి గంట కొడతారు. పిల్లలంతా ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ ఈ ఆటోలోకే ఎక్కుతారు.

"తాళం ఇటియ్" అన్నాను. తరగతిలో గోళీలు లాక్కునే గొంతే వచ్చినట్టుంది, కిక్కురుమనకుండా చేతిలో పెట్టాడు. తాళం సంచిలో వేసుకుని ముందు హెడ్మాస్టరుకి ఫోన్ చేశాను, పిల్లల్ని బడి దాటనివ్వొద్దని. తర్వాత పోలీసులకి, 108కి. ఆ మలుపులో సిగ్నల్ దొరకడం నా అదృష్టం.

రోడ్డు మీద ప్రమాదం జరిగితే ఏం చేయాలో ఐదో తరగతికి పాఠం చెప్పేది నేనే. బండ్లు కదపొద్దు, ఫొటోలు తీయాలి, చూసినవాళ్లెవరో తెలుసుకోవాలి, దెబ్బ చిన్నదైనా డాక్టరుకి చూపించుకోవాలి. నల్లబల్ల ముందు నిలబడి చెప్పడం తేలికే. రోడ్డు మీద వెల్లకిలా పడి చేయడమే కష్టం.

ఈలోగా ఊరు ఊరంతా కదిలొచ్చింది. అందరిదీ మంచి మనసే, చిక్కంతా అక్కడే వచ్చింది. ఒకామె నా మోకాలికి పసుపు అద్దుతోంది. ఇంకొకామె అతనికి చెంబుతో చల్ల తాగిస్తోంది. ఒకాయన నిమ్మకాయ పిండుతున్నాడు, ఇంకొకాయన నెత్తిన బిందెడు నీళ్లు గుమ్మరిస్తున్నాడు. "జల్దీ, జల్దీ! పోలీసోళ్లు వచ్చేవరకు నిషా దిగిపోవాలె" అంటూ ఊరి పెద్దమనిషి పురమాయిస్తున్నాడు. ఇంకో నలుగురు ఆటోని చెట్టు నీడకి నెట్టబోతున్నారు.

"ముట్టుకోకుండ్రి!" అని కేకేశాను.

"ఎండల ఖరాబైతది టీచరమ్మా."

"కానియ్యుండ్రి!"

పడుకునే ఫోన్ పైకెత్తి ఫొటో తీయబోయాను. అంతే, అందరూ గబగబా వచ్చి ఆటో ముందు వరసగా నిలబడ్డారు. పొట్టివాళ్లు ముందుకి, పొడుగువాళ్లు వెనక్కి. నడి మధ్యలో, తడి తలతో, చెంబు పట్టుకుని నన్ను గుద్దినవాడు. నవ్వుతున్నాడు కూడా. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

పోలీసులు వచ్చి గొట్టంలో ఊదమన్నారు. "తాగలేదు సారూ, చల్ల తాగిండు" అని ఊరంతా ఒకే మాట మీద నిలబడింది. ఊదాడు. మిషను చల్లనీ నిమ్మకాయనీ ఏమాత్రం లెక్కచేయకుండా కుయ్యిమంది. "తాగిన సారూ, పెండ్లి గదా" అని అతనే చెప్పేశాడు. నేను తీసిన ఫొటో చూసి ఎస్సై పగలబడి నవ్వాడు. సాక్షుల కోసం వెతికే పని లేకుండా పోయింది. ఆ సాయంత్రం పిల్లలు పోలీసు జీపులో ఇళ్లకి వెళ్లారు, దారంతా సైరన్ వేయించుకుని.

నాకు భద్రాచలం దవాఖానాలో పిండికట్టు వేశారు. మర్నాడు పెద్దమనిషి వచ్చాడు, వెంట డ్రైవరు భార్య. ఆయన చేతిలో ఒక సీసా, రెండు మోదుగాకు దొప్పలు.

"రాజీకొచ్చినం బిడ్డా. దెబ్బ తిన్నోళ్లు, తప్పు చేసినోళ్లు ఒక్కకాడ తాగితే పగ పోతది. మా రివాజు. ఆడు పోలీసుల కాడున్నడు, ఆని బదులు నేను తాగుత."

"సీసాలో ఏంది?"

"ఇప్పసారా."

"తాగి గుద్దినందుకు మళ్లీ తాగుడేంది పెద్దాయనా!" అని అరిచాను. పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. ఆయన సీసా వంక చూశాడు, నా కాలు వంక చూశాడు. భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. "అవ్, గదీ నిజమే" అని సీసాని సంచిలోకి తోసేశాడు.

"నాకు పగ లేదు. కేసు మాత్రం వాపసు తీసుకోను. అతను పిల్లల్ని ఎక్కించుకుని బండి నడపొద్దు."

"మంచిదే. మరి పిల్లలు బడికెట్ల వస్తరు?"

ఆ ఊరికి బస్సు రాదు. ఇంకో ఆటో లేదు. దారి మధ్యలో వాగూ అడవీ, చిన్నపిల్లలు ఒంటరిగా రాలేరు. ఆటో ఆపితే వాళ్ల చదువు ఆపినట్టే. నా చేత్తో నేనే నా బడి ఖాళీ చేసుకున్నానా అని తల పట్టుకున్నాను.

డ్రైవరు భార్య కొంగు దోపుకుంది. "ఆయన లైసెన్సు పోతే పోనీ. కాళ్లు మంచిగనే ఉన్నయి గదా. పిల్లల్ని పట్టుకొని నడిపిచ్చుకరానీ. తాగి ఒక్కనాడు కనపడితే నేనుంట తొవ్వల, కట్టె పట్టుకొని."

పెద్దమనిషి తల ఊపాడు. ఊరి తీర్పు అక్కడే, నా మంచం పక్కనే అయిపోయింది.

కట్టుతోనే బడికి వెళ్లిన మొదటి రోజు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అతను ముందురోజే జామీను మీద బయటికొచ్చాడని విన్నాను. గంట కొట్టారు. రోడ్డు మీద ఎవరూ లేరు. పెద్ద మాటలు ఎన్నయినా చెప్తారు, ఎవరు నడుస్తారులే ఇంత దూరం అనుకుంటూ నన్ను నేనే తిట్టుకుంటున్నాను. అంతలో రోడ్డు వైపు నుంచి కాదు, వెనక అడవి బాటలోంచి కేరింతలు వినిపించాయి. ముందు అతను. మెడలో నాలుగు బ్యాగులు, చేతిలో పాముల కోసం కర్ర, భుజాల మీద ఒకటో తరగతి బుడ్డోడు. వెనక పిల్లలంతా ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వస్తున్నారు.

నా ముందుకొచ్చి తల దించుకున్నాడు. "అందరొచ్చిన్రు టీచరమ్మా. చూస్కో."

చూసుకున్నాను. అందరూ ఉన్నారు. చివర ఒక పాప ఎక్కువుంది. కాళ్లకి చెప్పుల్లేవు, తలకి నూనె లేదు, నన్ను చూసి అతని వెనక్కి నక్కింది.

"ఈ పిల్లెవరు?"

"బాట పక్కన గుంపుల, నాలుగు గుడిసెల కాడ ఉంటది. ఆటో ఆడికి పోదు గదా, ఎన్నడు చూడలే. ఇయ్యాల మేం వస్తుంటే ఎంట పడ్డది" అని పాపని ముందుకి జరిపాడు. "పేరు రాస్కో టీచరమ్మా."