ముడులు వేసే టీచరమ్మ

వారానికోసారి పిల్లల్ని వృద్ధాశ్రమానికి తీసుకెళ్లే టీచరమ్మ, ముందురోజు సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని మంచి ఊలుండల్ని చేజేతులా చిక్కుపెడుతుంది. నీలంలోకి పసుపు, పసుపులోకి ఎరుపు, పొద్దుగుంకే ఆకాశం ఒళ్లో పరుచుకున్నట్టు. "పిచ్చి పట్టిందా అక్కా?" అని చెల్లెలు నవ్వుతుంది. "పిల్లల్నీ ముసలివాళ్లనీ ఊరికే ఎదురెదురుగా కూర్చోబెడితే ఏం మాట్లాడుకుంటారే? చేతులకు పనుంటే మాటలు వాటంతటవే వస్తాయి" అంటుంది ఆమె, పంటితో ముడి బిగిస్తూ.

ఆశ్రమంలో చివరి గది పెద్దాయన మాత్రం ఇంతవరకూ తలుపు తీయలేదు. "నామీద జాలిపడటానికి ఎవరూ రానక్కర్లేదు" అని లోపలినుంచే కసురుతాడు. ఈసారీ తీయకపోతే ఇక ఆ గదికి పిల్లల్ని పంపొద్దన్నాడు వార్డెన్. ఆరోజు టీచరమ్మ ఆయన్ని పిలవలేదు. చిక్కుపడ్డ ఊలుతో ఒక అమ్మాయిని ఆ గుమ్మం ముందు కూర్చోబెట్టి, తను వరండా చివర నిలబడి చెవులు రిక్కించింది. ఆ పిల్ల లాగుతోంది, విసుక్కుంటోంది. కాసేపటికి తలుపు సందులోంచి గొంతు వినిపించింది. "అలా లాగకే, తెగిపోతుంది. ముందు కొస ఎక్కడుందో వెతుకు." తర్వాత తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత కుర్చీ బయటికొచ్చింది. "తాతయ్యా, మరి ఈ ముడి?" అంటూ ఆ పిల్ల దగ్గరికి జరిగింది.

వెళ్లే వేళకు పెద్దాయన గుండ్రంగా చుట్టిన ఉండను టీచరమ్మ చేతిలో పెట్టాడు. "ఇది పడ్డ చిక్కు కాదమ్మా, ఎవరో కావాలని వేసింది."

ఆమె తల దించుకుంది.

"వచ్చేవారం ఇంకాస్త గట్టిగా వెయ్యి. ఈ పిల్ల తొందరగా వెళ్లిపోతోంది."