ముక్కు మునిగేంత నీళ్ళు

మొన్న పల్లికాయ బండి తోలుకొని నాగర్‌కర్నూలు వచ్చిన మా మరిది, ఎడ్లను విప్పకముందే చెప్పాడు, వీపనగండ్లలో మా అత్తింటి వెనకవీధి ఖాలా పోయిందని. మట్టి కూడా అయిపోయి నాలుగు రోజులైందట. ఇంత ఆలస్యంగానా చెప్పేది అని అతని మీద కోపం చేశాను. పాపం, అతనేం చేస్తాడు? ఏడుపు కోపమై బయటికొచ్చింది.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, మేమంతా ఆమెను అలాగే పిలిచేవాళ్ళం. ఆమె తన పెరట్లో పది పన్నెండు పెద్దబాతులను సాకేది. పొద్దున్నే గూడు తెరిచి, మేత వేయకుండా పక్కన కూర్చుని ఒక్కొక్కటీ నడిచి వచ్చే తీరు చూసేది. ఆఖరున వచ్చినదాన్ని పట్టుకొని రొమ్ము తడిమేది, రెట్ట రంగు చూసేది. రెట్ట మీదికి అలా వంగి చూస్తుంటే మేము ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం. బాతు తన రోగాన్ని దాచుకుంటుందని, బయటపడేసరికే సగం ముదిరి ఉంటుందని ఆమె అనేది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆమె అవసరం ముందుగా నాకే పడింది.

కొత్త కోడలిగా వచ్చినప్పుడు పుట్టింటి నుంచి ఒక బాతును వెంట తెచ్చుకున్నాను. అత్తింట్లో నాదని చెప్పుకోవడానికి అదొక్కటే ఉండేది. ఎండాకాలం రాగానే దాని కళ్ళు పుసులు కట్టాయి, ముక్కు మూసుకుపోయింది, మేత మానేసింది. దిష్టి అని అత్త దాని కాలికి నల్లదారం కట్టింది. నేను ఉప్పూ మిరపకాయలూ దిగదీశాను. ఏమీ గుణం కనిపించలేదు. కోళ్ళకు అంటుకుంటుందని, తెల్లారి దాన్ని ఊరి బయట వదిలేద్దామని అత్త అన్నది.

ఏడుస్తూ పోయి ఖాలాను పిలుచుకొచ్చాను. ఆమె బాతు కంటే ముందు దాని నీళ్ళ చిప్పను చూసింది. మాది మెట్ట ప్రాంతం, ఎండాకాలంలో కడివెడు నీళ్ళకు బావి దగ్గర పూటంతా నిలబడాలి. అందుకని కోళ్ళకు పెట్టినట్టే దానికీ చిప్పలో రెండు వేళ్ళ లోతు పోసేదాన్ని. పొదుపు తెలిసిన కోడలినని మురిసిపోయేదాన్ని కూడా.

"దూపకు తాగుతందుకు సాలుతయి బిడ్డా, మొకం కడుక్కునేతందుకు సాలవు. దానికేమన్న చేతులున్నయా? ముక్కు మునగాలె," అన్నది.

నన్ను ఒక్క మాట తిట్టలేదు. అత్తను ఏడు రోజుల గడువడిగి బాతును తీసుకుపోయింది. తన బాతులకు దూరంగా గంప కింద ఉంచి, గోరువెచ్చని ఉప్పునీళ్ళతో కళ్ళు తుడిచేది, జొన్న అంబలి తాగించేది. లోతైన కుండ నింపడానికి రోజూ రెండు కడవలు ఎక్కువ మోసింది. నేనూ మోశాను.

"రోగమొచ్చినంక దవాఖానోళ్ళు సూస్తరు. రాకముందు మనమే సూడాలె," అన్నది ఒకనాడు దారిలో. ఆ మాట పట్టుకొనే నా పిల్లలను పెంచాను. ఆమె రుణం నాకు తీరేది కాదు.

గడువు నాటికి బాతు కళ్ళు తేటపడ్డాయి. అత్త పోయి చూసి, సరే తెచ్చుకొమ్మన్నది. నేను పిలిస్తే అది కదల్లేదు. చివరికి ఖాలా ముందు నడిచింది, ఆమె వెనక బాతు, బాతు వెనక నేను. మా గడప దాకా వచ్చి, మీ ఇంటికి పో అని దాన్ని లోపలికి తోలింది. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆమె అటు తిరిగిందో లేదో, అది మళ్ళీ గడప దాటి ఆమె వెంట పడింది. గట్టిగా పిలిస్తే ఆగేదేమో. నేను పిలవలేదు. లావుపాటి మా ఖాలా, ఆమె వెనక బాతు, ఇద్దరూ ఒకే తీరుగా అటూ ఇటూ ఊగుతూ సందు మలుపు తిరిగేదాకా నవ్వుకుంటూ గడపలో నిలబడ్డాను.