ముఖాలు గీయించిన సుగుణమ్మ టీచర్

బడి తెరిచిన రెండో సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా బోధన్ బాలికల బడిలో డ్రాయింగ్ పీరియడ్ గంట కొట్టారు. ఏడో తరగతి పిల్లలు పెన్సిళ్లు చెక్కుకుని కూర్చున్నారు. సుగుణమ్మ టీచర్ రాలేదు. కాసేపటికి ఆమె తమ్ముడు వచ్చి, అక్క తెల్లవారుజామున గుండె ఆగి పోయిందని నా గది గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. నేను పదిహేనేళ్లుగా ఆమె పక్క గదిలో తెలుగు చెబుతున్నదాన్ని. ఆ పిల్లలకు ఈ సంగతి చెప్పింది నేనే.

ఏటా మొదటి పాఠంగా ఆమె ఎవరి ముఖం వారిచేతనే గీయించేవారు. మొదటి ఏడాది పిల్లలంతా క్యాలెండర్ దేవత ముఖం గీసి తెచ్చారు. కోలకళ్లు, సన్నముక్కు, రంగు వేయకుండా వదిలేసిన తెల్లని చెంపలు. అన్నీ చూసి, “ఈ పిల్ల బోధన్ల యాడుంటది? నేనైతే ఎన్నడు సూడలే” అన్నారు. పిల్లలు నవ్వారు. మర్నాడు సంతలో కొన్న చిన్న అద్దాలు పంచి, తమ ఒంటిరంగు ఏ రంగులు కలిపితే వస్తుందో చూపించారు. సిలబస్‌లో కుండ, మామిడిపండు ఉండగా ఇదెందుకని ఆక్షేపించింది నేనే. “కుండ యాడికి పోతదక్కా” అని ఊరుకున్నారు.

గంగామణి చెరుకు కొట్టే కూలీల బిడ్డ, చదువులో ముందుండేది. అమ్మవారు పోసి ముఖమంతా మచ్చలు పడ్డాక ఓణీ చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వచ్చి, రేపటినుంచి బడి మానేస్తానంది. చెరుకు తోటలో ఎవరూ ముఖం చూడరట. సుగుణమ్మ గారు నచ్చజెప్పలేదు. పోయేముందు తన బొమ్మ ఒకటి గీసి పొమ్మన్నారు. ఆ పిల్ల కాగితం నిండా చుక్కలు పెట్టి ఇచ్చింది. ముఖానికి ఒక్క గీతైనా లేదు.

“గివన్ని మచ్చలే. మరి నువ్వేది బిడ్డా?”

“అందరు గివే సూస్తున్నరు టీచర్.”

“అందరు సూసేది వాళ్లనే గీసుకోనీ. నువ్వు మొదలు కండ్లు గియ్యి. మచ్చలు ఎన్నడన్న పెట్టుకోవచ్చు.”

కళ్లకు రెండు రోజులు పట్టింది. ముక్కుకు, నుదుటికి, ఒత్తయిన జడకు ఇంకో వారం. అన్ని రోజులూ ఆ పిల్ల బడికి వచ్చింది. చివరికి మచ్చలూ పెట్టింది, ఎన్ని ఉన్నాయో అన్నే. కింద పెద్ద అక్షరాలతో తన పేరు రాసుకుంది. మానేసే మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు రుద్రూర్ దగ్గర ఒక ఊళ్లో పంతులమ్మ.

పిల్లలతో పాటు టీచర్ కూడా ఏటా తన ముఖం గీసుకునేవారు. ఆమె పోయాక ఆ కాగితాలు ఆమె బీరువాలో దొరికాయి. పలచబడిన జుట్టు, కళ్ల కింది ముడతలు, ఏదీ దాచుకోలేదు. అంత నిబ్బరంగా నన్ను నేను ఎప్పుడూ చూసుకోలేదు.

ఆమె పీరియడ్ లెక్కలకు ఇచ్చారు. మా బడిలో పిల్లలు ఇప్పుడు తమ ముఖాలు గీయడం లేదు.