లైన్ల ఇంట్లో రెండు పోగులు

కాపురానికి వచ్చాక నేను నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు మాట లైను. నేర్చుకుందామని కూర్చోలేదు, చెవుల్లో పోసి పోసి నేర్పారు. మేమున్న రైల్వే ఇళ్ల వరుస పేరు లైన్లు. మా ఆయనది సుత్తి భుజాన వేసుకుని పట్టాల బిగింపులు సరిచూస్తూ నడిచే ఉద్యోగం. తెల్లవారగానే లైను మీదికి పోయేవాడు. బండి కదలాలంటే స్టేషను మాస్టరు లైన్ క్లియరు ఇవ్వాలి. తంతి తీగా లైనే. మొండివాడు దారికొస్తే లైనుకొచ్చినట్టు. ఒక్క మాటకు ఇన్ని కాపురాలేమిటో, నాకు ఒక్కటే సరిగా లేకపోయె!

ధర్మవరంలో మా నాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గం మీద చీరలు అయిపోయినా పాత పడుగును పూర్తిగా తీసెయ్యరు. మిగిలిన కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. మా ఇంట్లో ఆ పని నాది. వేళ్లకు బూడిద అద్దుకుని నేను అతుకుతూ కూర్చుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి మాటలే మాటలు. అలాంటి ఇంటి నుంచి తెచ్చి నన్ను ఆ గుండ్రాళ్ల మధ్య పడేశారు. పక్కిల్లు ఖాళీ. మిగతా ఇళ్లలో అందరూ మగవాళ్లే. ఒంటికాయ సొంటికొమ్మునై మేకలతో మాట్లాడేదాన్ని. మా ఆయన చెడ్డవాడు కాదు, కానీ ఏమడిగినా తల ఊపడమే. మేకలే నయం, అవి అరుస్తాయి కదా.

ఆ ఏడు స్టేషను బావి ఎండిపోయింది. గూడ్సు బండికి తగిలించి నీళ్ల ట్యాంకు పంపేవారు. దూరంగా ఉన్న పల్లె నుంచి ఆడవాళ్లూ బిందెలతో వచ్చేవారు. ఒకరోజు స్టేషను మాస్టరు, ముసలాయన, "లైనుగా నిలబడండమ్మా" అని అరిచాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"ఏం సార్, ఈడ లైను తప్ప ఇంకో మాటే లేదా? అది వింటేనే ఒళ్లు మండుతాంది నాకు!"

పక్కనున్న మా ఆయన బిక్కచచ్చిపోయాడు. పెద్దాయన మాత్రం నవ్వాడు.

"మీది మగ్గాలిల్లు గదమ్మా? ఆ మాట పుట్టింది మీలాంటోళ్ల ఇంట్లోనే. తెల్లోళ్ల దేశంలో అవిసె నారతో తీసిన పోగుకు మొదట ఆ పేరు. ఆ పోగు లాగి పట్టుకోని గోడలు తిన్నగా కట్టినారు. తర్వాత తిన్నగా ఉండేదానికంతా అదే పేరు పెట్టినారు. గీతకు, వరుసకు, కడాకు రైలుకు గూడా."

పోగు అనే మాట వినేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బిందె దించగానే మా ఆయనకు చెప్పేశాను. "నేను ధర్మవరం పోతా. మళ్లా రాను. ఈడుంటే నాకు పిచ్చెక్కుతాది."

ఆయన తల ఊపాడు. మరుసటి రోజు తానే బండెక్కించాడు. వద్దనలేదని ఎంత మండిందో!

పుట్టింట్లో ఆరోజే కొత్త పడుగు తెచ్చారు. కాళ్లు కడుక్కుని, వేళ్లకు బూడిద అద్దుకుని నా చోటికి వెళ్లాను. అక్కడ మా అన్న భార్య కూర్చుని ఉంది. ఆమె వేళ్లు నాకంటే చురుగ్గా ఆడుతున్నాయి.

"అలిసి వచ్చినావు, పండుకోమ్మా. మీ వదిన చూసుకుంటాదిలే" అన్నాడు నాయన.

ప్రేమగానే అన్నాడు. అన్నంలో నెయ్యి కూడా ఎక్కువే వేశారు. చుట్టానికి వేసినట్టు వేశారు. వేళ్ల బూడిద చీరకొంగుకు తుడుచుకుని, నాలుగు రోజులకే బండెక్కాను. ఇక నాకు ఎక్కడా చోటు లేదనిపించి దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

మా ఇంటి ముందు రెండు వైపులా గుంజలు పాతి ఉన్నాయి. వాటి మధ్య రెండు తెల్లటి నూలు దారాలు బిర్రుగా లాగి కట్టి ఉన్నాయి. మా ఆయన గొంతుక్కూర్చుని, పట్టాల ఎడం కొలిచే బద్దతో ఆ దారాల ఎడం కొలుస్తున్నాడు.

"ఏందిది?"

"మగ్గం" అన్నాడు తలెత్తకుండా. "లైనంటే పోగే అని సార్ చెప్పినాడు గదా. లైను యెయ్యడం నాకు వచ్చు. ఇంగా శానా పోగులు యెయ్యాల."

పట్టాలంత ఎడంగా రెండంటే రెండు పోగులు! నవ్వాపుకోలేకపోయాను. "ఇల్లలకంగానే పండగైతాదా? అయినా నేను రానంటి గదా, ఎవురికేసినావు?"

"నువ్వు రాకుంటే నేనే నేర్చుకుందామని." బద్ద పక్కన పెట్టాడు. "ఇంట్లో నీ మాట ఇనపడక శానా కష్టంగా ఉండాది."

ఆ ఇంట్లో ఒంటరిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను అంతవరకు.

చేతిలో మూట దించి "నీళ్ల బండి వచ్చిందా?" అన్నాను.

"రాలేదు."

నేను నవ్వినందుకేమో, ఆయన దారాలు విప్పబోయాడు. నేను విప్పనివ్వలేదు. లోపలికి వెళ్లి, మూలన పడి ఉన్న ఆయన ఖాకీ చొక్కా ఉన్న కాసిని నీళ్లతోనే ఉతికి, తెచ్చి వాటి మీద ఆరేశాను.