డబ్బా మీద ‘చాలు’

నాందేడ్‌లో మాది రేడియో, టీవీ స్పేర్ పార్టుల దుకాణం. పక్షవాతంతో బాపుకు మాట పడిపోయాక గల్లా మీద కూతురినైన నేనే కూర్చున్నాను. దుకాణమంతా నాకే తెలుసన్న పొగరు కూడా అప్పుడే వచ్చింది.

తమ్ముడు నేవీలో ఎలక్ట్రానిక్ మెకానిక్. వాడి ఓడ క్షిపణులు మోసే పాతరకం ఫ్రిగేట్. ఆ తరహా ఓడల్లో ఒక రిలే వాడతారు. కరెంటు వస్తే టక్కున అంటుకుని, పోతే వదిలేసే చిన్న స్విచ్చు. ఇప్పుడు దాన్ని ఎవరూ తయారు చేయడం లేదట. వాడు మా దుకాణం సంగతి చెబితే, నేవీకి సరుకిచ్చే ముంబై ఏజెంటు వెతుక్కుంటూ వచ్చాడు. అటక మీద ఒక డబ్బా నిండా అవే ఉన్నాయి. మూత మీద బాపు రాత: ‘చాలు’.

మా ఇంట్లో రాసేది తెలుగు అక్షరాల్లోనే, మాటలు మాత్రం సగం మరాఠీ. నడిచే సరుకు మీద ‘చాలూ’ అనీ, చెడిపోయిన దాని మీద ‘బంద్’ అనీ రాసేవాడు బాపు. దీర్ఘాలు ఆయన ఏనాడూ సరిగ్గా పెట్టలేదు. నడుస్తాయనే అనుకున్నాను. అయినా ఒక్కోదానికీ కరెంటు పెట్టి చూస్తే అన్నీ టక్కుమన్నాయి. ఒకటి మాత్రం నమూనాకని ఉంచుకుని, మిగతావి డబ్బాతో సహా ఇచ్చేశాను.

నెల తర్వాత బాపును కుర్చీలో దుకాణానికి తెచ్చినప్పుడు ఆ సంగతి గొప్పగా చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. ఎడమచేత్తోనే ఆ మిగిలిన రిలేను కరెంటుకు తగిలించి, అది బాగా వేడెక్కేదాకా నన్ను కదలనివ్వలేదు. అప్పుడు తీగ లాగేశాడు. రిలే వదల్లేదు, అంటుకునే ఉంది. బాపు చెయ్యి అడ్డంగా ఊపాడు, మళ్ళీ మళ్ళీ ఊపాడు. ఈ సరుకు ఇక వద్దు, చాలు. ఆయన రాసింది అచ్చ తెలుగు.

ఏజెంటుకు ఫోన్ చేస్తే, తనిఖీ దాటిన సరుకు, నోరు మూసుకో అన్నాడు. తమ్ముడికి చేశాను. అంతా విని వాడు అసలు సంగతి చెప్పాడు.

“అక్కా, అవి మా ఓడలనే బిగించినం. బాపు రాత చూసి నేను వేడి టెస్టు గూడ చెయ్యలే. చేసిన్నని రాసి సంతకం పెట్టిన. రేపు ఓడ పోతది.”

“ఇప్పుడెట్లరా?”

“ఎట్లేంది. మా సాబ్‌కు చెప్త. ఓడల అంతమంది ఉన్నరు.”

చెప్పాడు. ఓడ ఆగింది, రిలేలన్నీ పీకేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. తప్పుడు సంతకానికి వాడి ర్యాంకు ఊడింది. ఇప్పుడు ఒడ్డున గోదాములో పెట్టెలు సర్దుతున్నాడట, ఆ సంగతి కూడా వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. నా ఫోన్ ఎత్తడు. తప్పు నాది, శిక్ష వాడిది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

వాడు సెలవుకు ఎందుకు రాలేదని బాపు రోజూ కళ్ళతోనే అడుగుతాడు. సముద్రం మీద ఉన్నాడని చెబుతాను. ఆయన తృప్తిగా తలూపి అన్నం తింటాడు.