నాలుగు వేళ్లు ఎక్కువైన రెక్క

మా బావను నేను కొట్టాను. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెబితే సాకులు వెతుక్కున్నట్టు ఉంటుంది. చెంపదెబ్బ కాదు, పిడికిలి బిగించి మూతి మీద గుద్దాను. బావ అంటే మా అక్క భర్త. అమ్మ పోయాక నన్ను సాకింది అక్కే. పెళ్లీపెటాకులూ లేని నాకు ప్రతి ఆదివారం ఇంటి అన్నం దొరికేది కాశిబుగ్గలోని వాళ్లింట్లోనే.

నాది మోటార్లకు వైండింగ్ చేసే షాపు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. మొరాయించిన మోటారును సుత్తితో బాదిన రోజులున్నాయి. బావ మగ్గం దగ్గర పెరిగిన మనిషి. పోగు తెగితే విసుక్కోకుండా వెతికి ముడివేస్తాడు. ఆ నిదానం చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

ఇద్దరికీ విమానాల పిచ్చి పట్టింది ఫోన్‌లో వీడియోలు చూసే. పాతకాలపు యుద్ధవిమానం ఒకదాని ప్లాను దొరికింది. అసలు దాంట్లో ఆరో వంతు, రిమోట్‌తో ఎగరాలి. ప్లాను కాగితాన్ని బల్ల మీద పరిచి, గీతల మీదే పలుచటి చెక్కముక్కలు నిలబెట్టి అతికించుకుంటూ పోవాలి. రెక్కలో వరుసగా నిలబెట్టే ముక్కల్ని మేం పక్కటెముకలు అనేవాళ్లం. ఎడమ రెక్క ప్లానును బావ ఇంజినీర్లు వెళ్లే జిరాక్స్ సెంటర్‌కు పోయి తీయించాడు. అంత దూరం ఎవడు పోతాడని, కుడి రెక్కది నేను మా పక్కనున్న ఫ్లెక్సీ షాపులో కొట్టించాను. ఆయనది ఇంట్లో, నాది షాపులో, ఐదు నెలలు కట్టాం.

ఒక ఆదివారం వాళ్ల ముందుగదిలో రెండు రెక్కల్నీ పక్కపక్కన పెట్టాం. నాలుగు వేళ్ల తేడా వచ్చింది.

"నీది పొట్టిగైంది బావా."

"నేను మూడుసార్లు కొలిచిన బామ్మర్ది. నీదే పొడుగైందేమో, జర చూడు."

అంతే. ఆయన నవ్వుతూ అన్నాడు, నేను గుద్దాను. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. అయినా నా కోపం చల్లారలేదు. ఆయన కట్టిన రెక్కను కింద పడేసి తొక్కాను. పక్కటెముకలు పటపటా విరిగాయి. అబద్ధమెందుకు, ఆ చప్పుడు నాకు బాగుంది కూడా.

వంటింట్లోంచి అక్క గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"నా ఇంట్ల నా మొగుణ్ని కొడ్తవారా? నడువ్ బయటికి. మల్ల ఈ గడప తొక్కినవంటే కాళ్లిరగ్గొడ్త!"

"పోనీ తియ్ ఇగ," అన్నాడు బావ, అరచేత్తో మూతి అదుముకుని. అక్క వినలేదు.

నాదే కరెక్టని నిరూపించాలని షాపుకొచ్చి నా ఫ్లెక్సీని నేల మీద పరిచాను. మూల ఒక చిన్న గీత ఉంది. ఈ గీత ఆరంగుళాలుండాలి, కోసే ముందు కొలుచుకోండి అని దాని కింద ఇంగ్లీషులో రాసి ఉంది. ఐదు నెలల్లో ఒక్కసారీ కొలవలేదు. టేపు పెడితే ఆరున్నర వచ్చింది.

ఫ్లెక్సీ షాపువాడి మీదికి పోయి గల్లా పట్టాను.

"నువ్వే గదన్నా అన్నవ్," అన్నాడతను. "తెల్లగ ఇడువకు, షీటు నిండ కొట్టుమని. బర్త్‌డే ఫ్లెక్సీల లెక్క గుంజిన."

నిజమే, నేనే అన్నాను. లీడర్ల ముఖాలు అడ్డంగా సాగినా ఎవరూ అడగని పని అతనిది. గల్లా వదిలేశాను.

తర్వాత నాలుగు నెలలు అక్క నా ఫోన్ ఎత్తలేదు. ఆదివారాలు హోటల్లో తిన్నాను. బావ వెళ్లిన జిరాక్స్ సెంటర్లోనే ప్లాను తీయించి, గీత కొలిచి, రెండు రెక్కలూ మళ్లీ ఒక్కణ్నే కట్టాను. విమానం పూర్తిచేసి వాళ్ల గేటు ముందు నిలబడ్డాను. బావ టేపు తెచ్చి రెండు వైపులా కొలిచాడు.

"సమానంగున్నయ్," అన్నాడు.

అక్క లోపలికి రమ్మనలేదు. "ఎగరేసుడైతే నేను గూడ వస్త," అంది. సరదా పడుతోందనుకున్నాను.

ములుగు రోడ్డులో మిరప పీకేసిన చేను ఒకటి చూసుకున్నాం. నేను పైకి లేపాను. విమానం గిర్రున తిరుగుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. "ఇగ నువ్వు తోలు బావా," అని రిమోట్ ఆయన చేతికిచ్చాను. ఆయన భయపడి ఒక్కసారిగా తిప్పాడు. విమానం వేగం కోల్పోయి, ముక్కు కిందికి పెట్టి నేలను గుద్దింది. తొమ్మిది నెలల పని పెళపెళా విరిగిపోయింది.

"బావా!" అని అరిచాను. తిట్టడానికి కాదు, గుండె ఆగినంత పనై అరిచాను.

బావ విమానం పడ్డ వైపు చూడనే లేదు. రిమోట్ జారవిడిచి, నా వైపు చూస్తూ, రెండు మోచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అక్క చెప్పులు వదిలేసి ఉరికొచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది. ఆమె ఎందుకొచ్చిందో అప్పుడర్థమైంది.

నేను అక్కడే దుక్కిలో కూలబడి నా చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

"నిన్నేమన బావా. ఏమన," అన్నాను.

ఆయన మోచేతులు దించాడు. అక్క మాత్రం అక్కణ్నుంచి కదల్లేదు.