నోరు మూసుకున్న నక్క

పనిలో ఉన్నప్పుడు తప్ప మార్వా గాడీ కుదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎనభైల మొదట్లో ఫోర్ట్ బ్రాగ్ అనే అమెరికా సైనిక స్థావరంలో, బరాక్‌లో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. విమానంలోంచి పారాచూట్లతో దూకి, శత్రువుల రేడియో మాటలు వినే గూఢచార పటాలం మాది. షిఫ్టంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్క రష్యన్ మాట జారిపోకుండా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఆ బిగింపంతా మార్వా గదికొచ్చాక కాళ్ళతో తీర్చుకునేది. కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉండేది.

"కూర్చోవే తల్లీ, కళ్ళు తిరుగుతున్నాయి," అనేదాన్ని.

"గాల్లో ఉన్నప్పుడే నాకు కాస్త నెమ్మది, బెర్నీస్. పారాచూట్ విచ్చుకున్నాక ఏమీ వినబడదు చూడు, అప్పుడు."

పటాలం కొత్తది. ఇంకా చిహ్నం లేదు. మార్వా బొమ్మలు బాగా వేస్తుందని మా కమాండర్ కల్నల్ హాస్క్యూ పిలిపించాడు. నేనూ వెంట వెళ్ళాను.

"డేగ వెయ్యి. గోళ్ళలో మెరుపు. అంతే," అన్నాడాయన.

"డేగ అరుస్తుంది సార్. మనది నోరు మూసుకుని వినే పని."

"మరేం వేస్తావు?"

"నక్క. చెవులు నిక్కబొడుచుకుని, నోరు మూసుకున్న నక్క."

"నా సైనికుల గుండెల మీద నక్కా? పక్క పటాలం వాళ్ళు కోళ్ళు దాచుకుంటారు!"

"దాచుకోనివ్వండి సార్. మనమంటే భయపడ్డట్టేగా."

కల్నల్ పగలబడి నవ్వి ఒప్పుకున్నాడు. బొమ్మ ఆమోదం కోసం వాషింగ్టన్ వెళ్ళింది. ఇక రోజూ టపా వచ్చే వేళకు మార్వా గుమ్మంలోనే. కొన్ని నెలలకు బొమ్మ తిరిగొచ్చింది. చెవులు మరీ పెద్దవయ్యాయట, తగ్గించమన్నారు.

"నిజమేనే, కాస్త గాడిదలాగే ఉంది," అన్నాను. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. మళ్ళీ గీసి పంపింది.

ఈసారి ఒప్పుకున్నారు. నీలం మీద వెండి నక్క తల, వెనక విచ్చుకున్న పారాచూట్. మొదటి బ్యాడ్జీలు చేరేసరికి మార్వా ఆసుపత్రిలో ఉంది. ఆ వారమే దూకినప్పుడు గాలి ఈడ్చుకుపోయి తుంటి విరిగింది. బ్యాడ్జీ నేనే పట్టుకెళ్ళాను.

"నక్క తోక తొక్కావే, ఒప్పేసుకున్నారు!"

"తోక కాదే, నేలను తొక్కాను. అదీ తుంటితో."

నవ్వింది గానీ, బ్యాడ్జీని వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉంది. ఇక దూకకూడదని డాక్టరు అంతకుముందే చెప్పేశాడు. దూకనివాళ్ళకు మా పటాలంలో చోటు లేదు. వేరే ఆఫీసులో కుర్చీ ఇస్తామన్నారు. మార్వా సైన్యమే వదిలేసింది.

తర్వాత స్కూలు బస్సు నడిపింది, నర్సరీలో మొక్కలు అమ్మింది, మోటెల్ చూసుకుంది. ఏ ఊళ్ళోనూ గోడకు పటం తగిలించేంత కాలం ఉండలేదు. చాలా ఏళ్ళకు పటాలాన్ని రద్దు చేస్తున్నారని తెలిసి నాకు ఫోన్ చేసింది. ఆ వీడ్కోలు కార్యక్రమానికి నా కారులోనే వెళ్ళాం.

మైదానంలో పటాలం జెండాను చివరిసారి చుట్టి తొడుగులో పెట్టేముందు, ఒక కుర్ర లెఫ్టినెంట్ పటాలం చరిత్ర చదివాడు. "వేటంటే ఇష్టమున్న మన మొదటి కమాండర్, తన సొంత ఊరి గుర్తుగా నక్కను ఎంచుకున్నారు."

"కాదు!" అంది మార్వా, అందరికీ వినబడేలా. తలలు తిరిగాయి. లెఫ్టినెంట్ ఒక్క క్షణం తడబడి, మిగతాది చదివేశాడు.

అంతా అయ్యాక, ముందు వరుసలో చక్రాల కుర్చీలో ఉన్న హాస్క్యూ దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళింది.

"సార్, మీరు డేగ అన్నారు. నేను నక్కన్నాను."

ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. "నువ్వెవరమ్మా? నా కూతురి స్నేహితురాలివా?"

మార్వా వంగి ఆయన మెడ దగ్గర కాలరు సర్దింది. "అవును సార్," అంది.

తిరిగొస్తుంటే పెద్ద రోడ్డెక్కకముందే కారు ఆపమంది.

"ఈ ఎండలో ఎక్కడికే?"

"కాసేపు నడుస్తా. నువ్వు పద."

నేను పోలేదు. పైన్ చెట్ల పక్కన గడ్డిలో ఆమె కుంటుతూ నడుస్తుంటే, హజార్డ్ లైట్లు వేసుకుని వెనకే మెల్లగా పోనిచ్చాను. పెట్రోలు బంకు దాకా అలాగే నడిచింది. అక్కడ కారెక్కి, చెప్పులు విప్పి, వచ్చే నెల సవానా ఊరికి వెళ్ళిపోతున్నానని చెప్పింది.